నేను చెప్పని గొట్టం

నీళ్లలో ముంచిన గాజు సరిగ్గా కనబడదు. గాజు పని చేసే ఎవడికైనా ఇది మొదటి రోజే తెలిసే సంగతి. ముప్ఫై నాలుగేళ్లు అదే పని చేసిన నాకు తెలియకపోవడమేమిటి? తెలిసే ఒక గొట్టాన్ని నీళ్ల కింద పెట్టి, ఎవరికీ చెప్పకుండా మరిచిపోయాను. దానివల్ల ఒక అమ్మాయి చదువు మధ్యలో ఆగిపోబోయింది. మీలో ఎవరైనా నన్ను కలిసినప్పుడు "మీ సర్వీసులో గొప్ప పని ఏది సార్?" అని అడుగుతుంటారు. గొప్ప పనుల గురించి రిటైరైన ప్రతివాడూ చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. నేను మాత్రం ఇది చెబుతాను.

విశాఖపట్నంలో ఒక పరిశోధన సంస్థలో నాది గాజు ఊదే ఉద్యోగం. ఊరు పేరు చెప్పాను కాబట్టి సంస్థ పేరు అడక్కండి. ప్రయోగాలకి కావలసిన గాజు సామాను బజార్లో దొరకనప్పుడు నా దగ్గరికి వచ్చేవారు. మంట ముందు కూర్చుని, గొట్టం మెత్తబడ్డాక ఊది, వంచి, అతికి, ఓవెన్‌లో నెమ్మదిగా చల్లార్చి ఇవ్వడం నా పని. సముద్రపు గాలికి మంట నిలవదని కిటికీలు మూసుకునే పనిచేసేవాణ్ణి. వేసవిలో ఆ గదిలోకి వచ్చినవాళ్లు రెండు నిమిషాల్లో బయటికి పరిగెత్తేవారు. అందుకే నాతో వాదన పెట్టుకునేవాళ్లు తక్కువ.

మా పనిలో ఒక పద్ధతి ఉండేది. సైంటిస్టు కాగితం మీద బొమ్మ గీసి తెస్తాడు. కొలతలు చూసి చేయగలనో లేదో చెబుతాను. అది ఎందుకని నేను అడగను, ఎలా చేశావని అతను అడగడు. ఈ పద్ధతి మీద నాకు పొగరు కూడా ఉండేది. ఎవరైనా వచ్చి "ఈ అతుకు ఇంకాస్త పైకి పెడితే బాగుంటుందేమో" అంటే బర్నర్ తగ్గించి, గొట్టం అతని చేతికిచ్చి, లేచి నిలబడేవాణ్ణి. ఆ తర్వాత సలహాలు వచ్చేవి కావు.

నాకు పని నేర్పినాయన గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ పెద్దమనిషి. ఆయన నేర్పిన వాటిలో మట్టం గొట్టం ఒకటి. కొన్ని గిన్నెల్ని వరసగా పెట్టి, పక్కపక్క గిన్నెల్ని పొట్టి గొట్టాలతో కలిపామనుకోండి. ఏదో ఒక అతుకులో గాలి బుడగ ఇరుక్కుంటే ఒక పక్క ద్రవం పెరిగి గిన్నె పొంగుతుంది. అలా కాకుండా మొదటి గిన్నెనీ చివరి గిన్నెనీ అడుగు నుంచి ఒక సన్న గొట్టంతో కలిపేస్తే అన్నిట్లోనూ మట్టం సమానంగా ఉంటుంది. "బొమ్మలో ఉన్నా లేకపోయినా అది పెట్టెయ్యి, పొంగితే తిట్లు తినేది నువ్వే" అనేవారాయన. ఆయన పెట్టారు, నేనూ పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. కూరలో ఉప్పు వేశానని వండినవాళ్లు ప్రతిసారీ చెబుతారా?

ఇంకో ఏడాదిలో రిటైరవుతాననగా ఆ అమ్మాయి వచ్చింది. పరిశోధన విద్యార్థిని. యారాడ నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్లది వేటకి వెళ్లే కుటుంబం. సన్నగా, పొట్టిగా ఉండేది. గొంతు మాత్రం గాలికి ఎదురు మాట్లాడటం అలవాటైన గొంతు. నా గదిలో వేడికి పారిపోని మనిషిని చాలా ఏళ్ల తర్వాత ఆమెలోనే చూశాను. బొమ్మ నా బల్ల మీద పరిచి, నేను అడక్కుండానే అది ఎందుకో చెప్పడం మొదలుపెట్టింది.

"బాబాయ్, ఈ మందుంది సూడండి, నాలుగు రకాలు కలిపితే ఎర్రగుంటాది. కాసేపటికి ఒక్కసారి నీలమైపోద్ది. మళ్లీ మెల్లగా ఎర్రగొచ్చేత్తాది. ఎవులూ ముట్టుకోనక్కర్లేదు. నిమిషానికో పాలి దాని మానాన అదే."

"ఏటీ, ఎవులూ ముట్టుకోకుండానే?" అన్నాను.

"ముట్టుకోకుండానే. అలాంటివి ఆరు గిన్నెలు వరసగా కలిపితే ఏటవుతాదీ అన్నది నా పని. ఎవుల లెక్క ఆలదేనా, అందరూ ఒక్క లెక్క మీదకొత్తారా? ఎవులు ఎవులితో మాట్టాడగలరో దాన్ని బట్టి ఉంటాదది. వరసలో కలిపితే ఒకలాగ, రింగులా కలిపితే ఇంకోలాగ. ముందు వరస సూత్తాను."

టీ గ్లాసంత గిన్నెలు ఆరు. పక్కపక్కవి పొట్టి గొట్టాలతో కలపాలి. ఒక్కో గిన్నెలో తిరిగే అయస్కాంతం ముక్క ద్రవాన్ని కలుపుతూ ఉంటుంది. మొత్తాన్ని ఒక స్టీలు తొట్టెలో, మెడల దాకా గోరువెచ్చని నీళ్లలో ముంచి ఉంచాలి. పైనుంచి కెమెరా ఆరు మూతుల్నీ చూస్తుంది. నాలుగు రోజుల్లో చేసి ఇచ్చాను. గిన్నెల అడుగున, ఫ్రేము కమ్మీ చాటున, ఒకటో గిన్నె నుంచి ఆరో గిన్నెకి మట్టం గొట్టం పెట్టాను. అతుకులు చూసుకుని మురిసిపోయాను కూడా. నీళ్లు పోశాక అది ఎవరి కంటికీ కనబడలేదు. గిన్నెల్ని ఫ్రేములోంచి తీయకుండానే కడిగేవారు కాబట్టి కింద ఏముందో చూసే అవసరం ఎవరికీ రాలేదు.

ఆమె గైడు కృష్ణా జిల్లా మనిషి. లెక్కల్లో గట్టివాడు, మాటలో మెత్తన, పట్టులో మొండి. వరసలో కలిపిన గిన్నెలు కాసేపటికి అన్నీ ఒకేసారి నీలమవ్వాలని ఆయన లెక్క చెప్పింది. ప్రయోగం అలా చెప్పలేదు. ఒకటో గిన్నె నీలమయ్యేది, తర్వాత రెండోది, మూడోది, అలా ఆరు దాకా. ఆరోది అయిన వెంటనే మళ్లీ ఒకటోది. నీలం రంగు ఆ వరసలో అలా ప్రదక్షిణం చేస్తూనే ఉండేది. మందు అయిపోయేదాకా ఆగేది కాదు.

"ఏమ్మా, గిన్నెలు శుభ్రంగా కడుగుతున్నావా?" అనేవాడు గైడు. కడిగింది. "మందులు కొత్త సీసాల్లోంచి తీసుకో." తీసుకుంది. "ఒకదాని తర్వాత ఒకటి పోస్తే ఆ తేడా కొంతసేపు ఉంటుంది, ఇంకాస్త ఆగు." ఆగింది. ఆమె ఎప్పుడూ ఒకటో గిన్నె నుంచి మొదలుపెట్టి ఆరు దాకా వరసగా మందు పోసేది. ఆ చిన్న తేడా వరసలో ఉంటే దానంతటదే సర్దుకుపోవాలి. సర్దుకోలేదు. నెలలు గడిచాయి. చివరికి ఆయన ఆమె ముందే నాతో, "కొందరి చేతికి ప్రయోగం అబ్బదండీ, అది వాళ్ల తప్పు కాదు" అన్నాడు. ఆమె మర్నాడు అందరికంటే ముందు వచ్చి మళ్లీ గిన్నెలు కడిగింది.

ఈలోగా కమిటీ తేదీ ఖరారైంది. ఇద్దరు బయటి ప్రొఫెసర్లు వచ్చి ఆమె పని చూస్తారు. బాగుందంటే కొనసాగుతుంది. లేదంటే రిజిస్ట్రేషన్ రద్దు. అప్పటికే ఒకసారి గడువు పొడిగించారు కాబట్టి ఇంకో అవకాశం లేదు. అప్పుడు ఆమె నా గదికి వచ్చి, గిన్నెలన్నీ ఒకే సైజులో ఉన్నాయో లేదో మరోసారి కొలవమంది. కొలిచాను. ఉన్నాయి. ఆమె స్టూలు మీద కూలబడింది.

"నాకొకటే అరదం కావట్లేదు బాబాయ్. మా ఊళ్లో అలివి వల లాగినప్పుడు తాడట్టుకుని వరసగా నిలబడతారు. పక్కోడి కేక పక్కోడికి ఇనబడతాది. చివర మనిషి కేక మొదట మనిషికి ఇనబడదు కదా. ఇక్కడ ఆరో గిన్నె నీలమైందని ఒకటో గిన్నెకి ఎవులు సెప్తన్నారు? మద్దిలో నాలుగున్నాయి."

"ఏమో తల్లీ" అన్నాను. నిజంగానే ఏమో అన్నాను. ఆమె వెళ్లిపోయాక వేరే పనికి గొట్టం మంటలో పెట్టాను. అది మెత్తబడి వంగుతుండగా గుర్తొచ్చింది. గొట్టం సాగి తెగి బల్ల మీద పడింది. ఆరో గిన్నె సంగతి ఒకటో గిన్నెకి చెబుతున్నది నా గొట్టం. ఆమె వరస అనుకుంటున్నది వరస కాదు. దాన్ని నేను రింగు చేసి ఇచ్చాను.

అప్పుడే లేచి వెళ్లి చెప్పి ఉంటే ఈ కథకి ఇంత నిడివి అక్కర్లేదు. పది రోజులు చెప్పలేదు. రోజూ పొద్దున్న చెప్పాలనుకునేవాణ్ణి, సాయంత్రం బస్సెక్కేవాణ్ణి. అడిగిన పని తప్ప ఇంకేదీ చేయడు, చేసిన దాంట్లో వంక ఉండదు అని నా గురించి చెప్పుకునేవారు. ఆ పేరుతోనే ఇంటికి వెళ్లాలనుకున్నాను. సిగ్గుపడ్డాను, భయపడ్డాను. ఈ రెండూ కలిస్తే మనిషి ఎంత చిన్నవాడవుతాడో ఆ పది రోజుల్లో తెలిసింది.

చివరికి మా స్టోర్ కీపర్‌తో చెప్పాను. ఇద్దరం ఒకే ఏడు చేరాం, ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లం. అతను క్యాంటీన్‌లో టీ చల్లారేదాకా విన్నాడు.

"ఓస్ ఇంతేనేటి? ఆదివారం ఎవులూ ఉండరు. ఎల్లి ఆ గొట్టం కోసీసి, రెండు కన్నాలూ మూసీ. సోమారం నించి లెక్క సరిపోద్ది. పిల్ల సంతోషం, గైడు సంతోషం. నీ పేరు పోదు."

"మరి ఇన్నాళ్లు ఆ పిల్ల సేసిందంతా?"

"దానికేటి? సేతులు కుదర్లేదు, ఇప్పుడు కుదిరినాయ్ అనుకుంటాది. ఏటి బావా, నాను సెడ్డ మాట సెప్తన్నానా?"

చెడ్డ మాట కాదు, సుళువైన మాట. నాకు కావలసింది కూడా అదే. ఆదివారం పదింటికి వెళ్లాను. సెక్యూరిటీ అతను కొత్త ఆర్డరేమైనా ఉందా అని అడిగితే ఉందని అబద్ధమాడాను. తొట్టెలో నీళ్లు తీసేసి, ఫ్రేమంతా ఎత్తి నా బల్ల మీదకి తెచ్చుకున్నాను. గొట్టం తేటగా, అందంగా ఉంది. ఇంత నీటుగా చేసినవాడు ఎవడో అనిపించేంత బాగుంది. చేతి బర్నర్ వెలిగించాను.

"ఏటి సేత్తన్నారు బాబాయ్?"

గుమ్మంలో ఆమె. ఆదివారం కూడా వస్తుందని నేను అనుకోలేదు. అనుకోవలసింది. ఎనిమిది నెలలుగా ఆమె ఒక్క రోజైనా మానడం నేను చూశానా? నేను నా అంతట నేనే ఒప్పుకున్నానని మీకు చెప్పాలని ఉంది. కానీ ఒప్పుకోలేదు, చేతిలో మంటతో దొరికిపోయాను. దొరికాక మాత్రం దాచలేదు. బర్నర్ ఆపేసి, గొట్టం చూపించి, మొదటి నుంచి చెప్పాను. పది రోజుల సంగతీ చెప్పాను. ఇప్పుడు ఏం చేయబోతున్నానో కూడా చెప్పాను.

ఆమె ఫ్రేము దగ్గరికి వచ్చి, వంగి, ఆ గొట్టం మీద వేలు పెట్టి ఒక కొస నుంచి ఇంకో కొస దాకా నిమిరింది.

"ఎనిమిది నెలలు, బాబాయ్."

"అవునమ్మా."

"నా సేతులు మురికన్నారు. నాకు పనబ్బదన్నారు. మా అమ్మ దగ్గర కూసుని నాకు సదువొద్దని ఏడిసినాను. మీరు ఈ గదిలోనే ఉన్నారు. పది రోజులు తెలిసి ఉన్నారు." ఆమె గొంతు పెరిగింది. "ఇయాల గానీ నాను రాకపోతే? సోమారం లెక్క సరిపోయుండును. ఎందుకు సరిపోయిందో నాకు సచ్చేదాకా తెలీకపోను!"

క్షమించమని కూడా నేను అడగలేదు. మా ఇంట్లో గానీ, ఆఫీసులో గానీ నన్ను అలా నిలబెట్టి ఎవరూ అడగలేదు. ఆమె కళ్లు తుడుచుకుని స్టూలు మీద కూర్చుంది. కాసేపటికి మళ్లీ గొట్టం వైపు చూసింది. ఈసారి చూపు వేరుగా ఉంది.

"ఒకటీ ఆరూ కలిసినాయంటే ఇది రింగు" అంది, నాతో కాదు, తనతోనే. "రింగైతే పోసినప్పటి తేడాకి కొసుండదు, తిరగాలి. తిరిగింది. ఎనిమిది నెలలూ తిరిగింది. అంటే నా సేతులు తప్పు సెప్పలేదు. నాను దాని పేరు తప్పు రాసినాను, అంతే."

నేను బర్నర్ అందుకోబోయాను. చెయ్యి పట్టుకుంది.

"కొయ్యకండి. దానికి కుళాయి పెట్టండి. తెరిస్తే రింగు, మూస్తే వరస. అవే గిన్నెలు, అదే మందు, అవే సేతులు. అప్పుడు ఎవులూ ఏటీ అనడానికుండదు."

ముప్ఫై నాలుగేళ్లలో నా మంట పక్కన నిలబడి నాకు పని చెప్పి చేయించిన మొదటి మనిషి ఆమే. గొట్టం ఆమె చేతికిచ్చి లేవలేదు. కూర్చున్నాను. కుళాయి చేతికందాలంటే గొట్టాన్ని తొట్టె చివర నుంచి బయటికి తిప్పి తీసుకురావాలి. మొదటి అతుకు పగిలింది. రెండోది కూడా పగిలింది. "తొందర్లేదు బాబాయ్, నాను ఉంటాను" అంది. అందులో ఓదార్పు లేదు, పని అయ్యేదాకా కదలనన్న మొండితనమే ఉంది. మూడో అతుకు నిలబడింది.

తర్వాతి మూడు వారాలు ఆమె రోజుకి రెండు ప్రయోగాలు చేసింది. పొద్దున్న కుళాయి తెరిచి, మధ్యాహ్నం మూసి. పోయడం మాత్రం ఎప్పటిలాగే, ఒకటి నుంచి ఆరు దాకా వరసగా. తెరిచినప్పుడల్లా రంగు తిరిగింది. మూసినప్పుడల్లా ముందు కాసేపు అటూ ఇటూ తడబడి, చివరికి ఆరూ ఒకేసారి నీలమయ్యాయి. ఆరు గిన్నెలు మొదటిసారి కలిసి రంగు మార్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆమె నవ్వలేదు, కేక వేయలేదు. టైము రాసుకుంది.

గైడు చూసి మురిసిపోయాడు. ఆయన లెక్క నిలబడింది కదా. కుళాయి ఎలా వచ్చిందో విన్నాక మాత్రం తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "అదంతా కమిటీకి ఎందుకమ్మా? మొదటి నుంచీ కుళాయితోనే చేశామని రాయి. తెలివైన డిజైన్ అంటారు. తెలియకుండా ఎనిమిది నెలలు పొరపాటు పనిచేశామంటే మొత్తం మీదే అనుమానం వస్తుంది. రద్దు చేసినా చేస్తారు. ఈయన పరువు కూడా ఆలోచించు" అని నా వైపు చూపించాడు.

"కుదరదు సార్" అంది ఆమె. ఆయనతో ఎప్పుడూ పుస్తకం భాషే మాట్లాడేది. "ఆ ఎనిమిది నెలలూ వరస అని నా చేత్తో రాసి మీకు ఇచ్చాను. ఇప్పుడు రింగు అని దిద్దాలంటే ఎందుకు దిద్దానో రాయాలి. రాయకపోతే అది దిద్దుబాటు కాదు సార్, దాచడం."

"రద్దు చేస్తే?"

"చేస్తే చెయ్యనివ్వండి."

ఆయన నా వైపు తిరిగాడు. నేను ఆమె మాట నెగ్గకూడదని మనసులో ఎంత కోరుకున్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. పైకి మాత్రం, "ఆ పిల్ల సెప్పినట్టే కానివ్వండి సార్" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు పది రోజులూ, మూడు వారాలూ పట్టాయి.

కమిటీ రోజు తొట్టెని బల్లతో సహా హాల్లోకి మోయించాం. బయటి నుంచి వచ్చినవాళ్లలో పెద్దావిడ ఒకరు, మాటలు తక్కువ ప్రశ్నలు ఎక్కువ. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ అమ్మాయి మొదటి మాటే అది పెట్టుకుంది. "నేను ఎనిమిది నెలలు రింగు మీద పనిచేసి దాన్ని వరస అని రాశాను. గిన్నెల కింద నాకు తెలియని గొట్టం ఉంది. పెట్టినాయన చెప్పలేదు, నేను కింద వంగి చూడలేదు. రెండూ తప్పులే" అంది. హాల్లో కుర్చీలు కదిలాయి. గైడు బల్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.

పెద్దావిడ అడిగారు. "ఆ గొట్టం పెట్టినాయన ఉన్నారా?"

ముందుకు వెళ్లాను. "నేనేనండి."

"ఎందుకు పెట్టారు?"

మట్టం గురించి చెప్పాను. మాకు నేర్పిన పద్ధతి అని చెప్పాను. "బొమ్మలో లేదు కదా?" అన్నారు. లేదన్నాను. "చెప్పాలని అనిపించలేదా?" అన్నారు. "అనిపించలేదండి. మేం చెప్పే అలవాటు లేదు. తెలిశాక కూడా పది రోజులు చెప్పలేదండి" అన్నాను. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకున్నారు.

అమ్మాయి కుళాయి తెరిచి, మందు వరసగా పోసింది. రంగు తిరగడం మొదలైంది. పావుగంట అలాగే తిరగనిచ్చి కుళాయి మూసింది. ఏమీ జరగలేదు. ఒక చుట్టు, రెండు చుట్లు, అలాగే తిరుగుతోంది. గైడు గడియారం చూసుకున్నాడు. రెండో ప్రొఫెసరు ఫోను తీశాడు. నేను తొట్టె వైపే చూస్తున్నాను, నా అతుకు లీకవుతోందేమో, కుళాయి సరిగ్గా మూసుకోలేదేమో అని. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని కదలకుండా నిలబడింది. నాలుగో చుట్టుకి ఒకటీ రెండూ దగ్గరయ్యాయి. తర్వాత మూడు, నాలుగు. ఆరోది మాత్రం వెనకబడుతూనే ఉంది. ఎన్నో చుట్టో నేను లెక్క తప్పాను, ఆరూ ఒక్కసారిగా నీలమయ్యాయి. మళ్లీ నిమిషానికి మళ్లీ.

రెండో ప్రొఫెసరు ఫోను జేబులో పెట్టేశాడు. పెద్దావిడ మాత్రం ముందుకు వంగి, "బాగుంది. ఇప్పుడు కుళాయి మళ్లీ తెరిస్తే?" అన్నారు.

"మళ్లీ తిరుగుతాయి మేడమ్" అన్నాడు గైడు వెంటనే.

ఆవిడ ఆయన వైపు చూడలేదు. "మీరు చెప్పండి" అన్నారు అమ్మాయితో.

"తెలియదు మేడమ్" అంది. "ఇన్నాళ్లూ పోయడానికి ముందే తెరవడమో మూయడమో చేశాను. అన్నీ కలిశాక తెరిచి చూడలేదు."

రిజిస్ట్రేషన్ ఉండాలా పోవాలా అని తేల్చేవాళ్ల ముందు కూర్చుని తెలియదని ఎవరైనా అంటారా? గైడు చెప్పిన జవాబు పట్టుకుని తలూపితే సరిపోయేది. పెద్దావిడ మాత్రం, "అయితే చూద్దాం" అన్నారు.

అమ్మాయి నా వైపు తిరిగింది. ఆ రోజు హాల్లో మొదటిసారి ఆమె తన భాషలో మాట్లాడింది. "బాబాయ్, మీరు తెరవండి."

వెళ్లి కుళాయి తిప్పాను. అందరం లేచి తొట్టె చుట్టూ నిలబడ్డాం. ఒక నిమిషం. ఆరూ కలిసి నీలం. ఇంకో నిమిషం. ఆరూ కలిసే. దారి తెరుచుకుంది, ఒకటీ ఆరూ మళ్లీ మాట్లాడుకుంటున్నాయి, కానీ తిరగడం లేదు. ఒకసారి కలిశాక అవి విడిపోలేదు. మందు అయిపోయేదాకా ఎవరం కూర్చోలేదు.

"మీ గైడు గారు చెప్పినట్టు జరగలేదు" అన్నారు పెద్దావిడ నవ్వుతూ. "ఇది ఎందుకో చెప్పడానికి ఎంత కాలం కావాలి?"

"ఏడాది మేడమ్."

"ఇచ్చాం."

అంతే. ఒక్క మాటతో తేలిపోయింది. గైడు వచ్చి ఆమె భుజం తట్టాడు. లెక్క తప్పినందుకు ఆయన బాధపడలేదని నాకు తెలుసు. ఆ పిల్ల నిలబడినందుకు ఆయనకి సంతోషం కలిగింది, అది కళ్లలో కనబడింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పక్కకి తిరిగి తొట్టెలో నీళ్లు తోడేస్తున్నట్టు నటించాను.

హాలు ఖాళీ అయ్యాక ఆమె గిన్నెలు కడుగుతోంది. నేను పక్కన నిలబడి అడిగాను, "నా మీద కోపం పోయిందా తల్లీ?"

"నేదు" అంది, తల ఎత్తకుండా. ఆరో గిన్నె కడిగి బోర్లించింది. "రేపు ఎనిమిదింటికి రండి బాబాయ్. ఏడాదే ఇచ్చినారు."

ఏడున్నరకే వెళ్లాను. అప్పటికే ఆమె వచ్చి ఉంది.